వెనక అట్ట

“రికార్డు లేదు” అన్న రబ్బరు ముద్ర కొట్టడానికి రికార్డు కీపరుకి, బైండరమ్మ సూదిలో దారం ఎక్కించేంతసేపు కూడా పట్టలేదు.

ఆమె ఆ గదిలోనే, కిటికీ వెలుతురు పడే మూలన, ఎత్తు బల్ల ముందు కూర్చుని ఉంది. వారానికి మూడు రోజులు వచ్చి, విడిపోయిన పుస్తకాలు కుట్టి, ఊడిన అట్టలు అతికించి వెళ్తుంది. తల నెరిసి చాలా ఏళ్ళయినా, ఆ ఆఫీసులో దబ్బనం పట్టగలిగిన మనిషి ఇంకొకరు లేకపోవడంతో ఎవరూ ఆమెను మానెయ్యమనలేదు. దారం కొస నాలుక మీద తడుపుకుంటూ తలెత్తి చూసింది.

కౌంటరు అవతల ముగ్గురు నిలబడి ఉన్నారు. నల్లకోటు మోచేతి మీద వేసుకున్న వకీలమ్మ, యాభై దాటిన బక్కపలచని మనిషి ఒకడు, అతని భుజం ఆసరా చేసుకుని ఒక ముసలావిడ. ముసలావిడ చెప్పులు విప్పి చేత్తో పట్టుకుంది, అప్పుడే తుడిచిన నేల కదా అని కాబోలు.

“ఇంకొక్కసారి చూడండి సార్,” అంది వకీలమ్మ. “అడవికి కంచె వేయకముందు వీళ్ళ గూడేన్ని కొలిచారు. గొలుసులు పట్టుకుని సర్వేవాళ్ళు వచ్చారు. ఆ కాగితం ఇక్కడికే కదా రావాలి?”

“వచ్చే ఉంటుందమ్మా. రాలేదని నేనన్నానా?” రికార్డు కీపరు కళ్ళద్దాలు నుదుటి మీదికి తోశాడు. నడుముకు వేలాడే తాళాల గుత్తి గలగలమంది. “పైకప్పు కారిన ఏడు విడి కాగితాలన్నీ బండికెత్తి మిల్లుకి తోలేశారు. కుట్టిన పుస్తకాలు తప్ప ఏదీ మిగల్లేదు. అప్పటికి నేను ముక్కు చీదుకుంటూ బడికెళ్తున్నాను. నన్ను నిలదీస్తే ఏం లాభం?”

“ఎల్లుండి కమిటీ కూర్చుంటుంది సార్,” అన్నాడు బక్కపలచని మనిషి. “కొత్త చట్టం వచ్చింది, మీ నేల మీరు అడగండి అన్నారు. అడిగాం. మా అత్త చూసింది చెప్తే, ఒక్క నోటిమాట చాలదన్నారు. పాత కాగితం ఒక్కటైనా తెమ్మన్నారు. ఇదే ఆఖరి వాయిదా. వట్టి చేతులతో వెళ్తే మా వాగు, మా చెట్లు, మా పెద్దవాళ్ళను పూడ్చిన చోటు, అన్నీ కంచె లోపలే ఉండిపోతాయి. మేం బయటే.”

“అందుకేగా రాసిస్తున్నాను. వెతికాం, లేదు అని. ఇది చూపించండి. కనీసం మీరొచ్చి అడిగినట్టయినా ఉంటుంది.”

ఆ మనిషి ముద్ర పడిన కాగితాన్ని రెండు చేతులా అందుకుని ముసలావిడ వైపు తిరిగాడు. “చూశావా అత్తా! మనం ఉన్నామనడానికి కాగితం లేదు కానీ, లేమనడానికి మాత్రం ముద్రతో సహా ఉంది.”

“మనం లేకపోతే మరి వచ్చి అడిగిందెవర్రా?” అంది ముసలావిడ.

రికార్డు కీపరుకి నవ్వొచ్చింది. నవ్వితే బాగుండదని దగ్గాడు.

కాగితానికి నకలు తీయించుకోవాలని వకీలమ్మ, ఆ మనిషి పై అంతస్తుకు వెళ్ళారు. ముసలావిడ మోకాళ్ళు మెట్లకు ఒప్పుకోలేదు. బైండరమ్మ బల్ల పక్కనున్న స్టూలును కాలితో ఇవతలికి లాగింది.

“కూర్చో అక్కా. ఎంతసేపని నిలబడతావు.”

ముసలావిడ కూర్చుని చెప్పులు ఒళ్ళో పెట్టుకుంది. కాసేపు బైండరమ్మ చేతుల్నే చూసింది. దారాన్ని మైనం ముద్ద మీద రెండుసార్లు లాగి, కాగితాల మడతలో పొడిచి, బిగించి, మళ్ళీ లాగడం. ఉండబట్టలేక చెయ్యి చాచి ఆ ముద్ద అడిగి తీసుకుంది. ముక్కు దగ్గర పెట్టుకుంది.

“ఇది అచ్చం తేనెపట్టు మైనం కాదు. కొవ్వొత్తుల మైనం కలిపారు.”

“బజార్లో ఇదే దొరుకుతుందక్కా.”

“దీంతో దారం పెళుసెక్కుతుంది. మా వాగు పైన పెద్ద రాయి ఉంది, దానికి పట్టే తేనెపట్టు మైనం చూడాలి నువ్వు. గోరు పెడితే దిగుతుంది.” ముద్ద తిరిగిచ్చింది. “ఆ రాయి కూడా కంచె లోపలే. మొన్న మా మేనల్లుడు తేనెకెళ్తే పట్టుకుని రెండు రోజులు కూర్చోబెట్టారు. దొంగతనమట. మన వంటింట్లో ఉప్పు మనం తీసుకుంటే దొంగతనమెలా అవుతుంది, చెప్పు?”

బైండరమ్మ దారాన్ని మళ్ళీ మైనం మీద లాగింది. ఎవరైనా కష్టం చెప్పుకుంటే చాలు, ఆమెకు అందులో తన తప్పు కూడా ఎక్కడో ఉండే ఉంటుందనిపిస్తుంది.

“గొలుసువాళ్ళు వచ్చినప్పుడు నాకు తొమ్మిదేళ్ళుంటాయి,” అంది ముసలావిడ. “ఒకాయన మా వాగుని గీశాడు, మూడు కొమ్మలేసిన చెట్టులాగ. ఇంటికొకరు వేలిముద్ర వేయాలన్నారు. మా నాన్న అప్పటికే లేడు. అమ్మ జ్వరంతో లేవలేదు. నువ్వు రావే పిల్లా అని నా వేలు పట్టుకుని నల్ల మెత్త మీద అద్దారు. ఎంత గొప్పో నాకు! వారం రోజులు ఎవర్నీ ఆ వేలు ముట్టుకోనివ్వలేదు.” ఎడమచేతి బొటనవేలు చాపింది. దాని మధ్యగా, ఈ చివరి నుంచి ఆ చివరికి, పాత గాటు ఒకటి తెల్లగా మెరిసింది. “ఇది అంతకుముందే కొడవలితో కోసుకున్నాను. కాగితం మీద వేలు రెండు ముక్కలుగా పడింది. ఈ పిల్ల ఒక్కతే రెండిళ్ళకు వేసిందిరా అని ఆ గొలుసాయన ఒకటే నవ్వు.”

బైండరమ్మ చేతిలో సూది ఆగిపోయింది.

మూడు కొమ్మల చెట్టు. రెండు ముక్కలైన వేలు. ఆమె వాటిని చూసింది. ఈ గదిలోనే, ఈ నేల మీదే కూర్చుని చూసింది. ఆ రోజుల్లో అట్టలు కొనడానికి దొరికేవి కావు. చిత్తు కాగితాలు పొర మీద పొర అంటించి, మర కింద బిగించి, ఆరాక అంచులు కోసి అట్ట చేసేవాళ్ళు. గుట్టలోంచి మందమైన కాగితాలు ఏరి భర్తకు అందివ్వడం ఆమె పని. ఒక్క అక్షరం రాదు అప్పటికి. చెట్టు బొమ్మ ఉన్న కాగితం చేతికొస్తే బాగుందే అనుకుంది. దాని వెనకే వేలిముద్రల కాగితం. అందులో ఒక ముద్ర చిన్నగా, చీలిన గింజలాగ. “ఇది పనికొచ్చేదేమో చూడండి,” అంది. “గుట్టలో ఉందంటే చిత్తే,” అన్నాడాయన. ఆయనకూ చదువు రాదు. ఆమె పట్టుకుంటే ఆయన జిగురు పూశాడు.

ఏ పుస్తకం అట్టకో కూడా ఆమెకు తెలుసు. తెలియకపోతే బాగుండుననిపించింది.

మెట్ల మీద అడుగుల చప్పుడైంది. ముసలావిడ మోకాళ్ళు పట్టుకుని లేచింది. “వెళ్తాం చెల్లీ.”

“వెళ్ళొస్తామను,” అంది బైండరమ్మ, నోటికి ముందొచ్చిన మాట. ఆ ‘వస్తాం’ లేకుండా గుమ్మం దాటినవాళ్ళంటే ఆమెకు చచ్చేంత భయం.

“మళ్ళీ ఎందుకు రావడం? లేదని రాసిచ్చేశారుగా!” నవ్వింది ముసలావిడ. “కమిటీ అయ్యేదాకా వకీలమ్మ ఇంటి వరండాలోనే ఉంటాం.”

వాళ్ళు వీధి మలుపు తిరిగేదాకా బైండరమ్మ కిటికీలోంచి చూస్తూనే ఉంది. పిలవడానికి నోరు మాత్రం తెరవలేదు.

*

ఇంట్లో ఆడపడుచు నేల మీద కాళ్ళు చాపుకుని, మందుల దుకాణానికి కాగితం పొట్లాలు మడుస్తోంది. ఆ వాటాలో ఉండేది వాళ్ళిద్దరే, వదినా ఆడపడుచూ. ఒకరి మీద ఒకరు విసుక్కుంటూ నలభై ఏళ్ళుగా ఉంటున్నారు.

“ఏమిటి వదినా, ముఖం అలా ఉంది? తాళం వేశావో లేదోనని మూడుసార్లు వెనక్కెళ్ళి చూశావా?”

“నాలుగుసార్లు.”

“అయితే ఏదో పెద్దదే.”

బైండరమ్మ గోడకు ఆనుకుని కూర్చుని మొత్తం చెప్పింది. ఆడపడుచు వింటూనే మడిచింది, నొక్కింది, పక్కన పెట్టింది.

“ఏ పుస్తకం?” అంది చివరికి.

“జననమరణాల పుస్తకం.”

ఆడపడుచు చేతులు ఆగాయి. ఆ పుస్తకం ఇద్దరికీ తెలుసు. బైండరు తన చేత్తో కట్టిన ఆఖరి పుస్తకం అది. తెల్ల కాగితాలతో కట్టి ఇచ్చిన పదకొండో రోజున ఆయన పేరే అందులో ఎక్కింది, రెండో పేజీలో. పొద్దున్నే చొక్కా గుండీలు పెట్టుకుంటూ “వెళ్తున్నా” అని గుమ్మం దాటిన మనిషి. ఆ ఒక్క వరుస చదవడానికి బైండరమ్మ అక్షరాలు నేర్చుకుంది. ఆ తర్వాత మానలేకపోయింది.

“మా అన్న చేతి పని విప్పుతావా?”

“విప్పాలని సరదానా నాకు? విప్పకుండా ఉండే దారి ఏదైనా ఉందా అని దారంతా ఆలోచిస్తూ వచ్చాను.”

“ఉంది. నోరు మూసుకో. విప్పావే అనుకో, ప్రభుత్వ కాగితాన్ని జిగురులో ముంచింది నువ్వే అంటారు. ఉన్న పని పోతుంది. అన్న పేరూ మట్టికొట్టుకుపోతుంది.”

“పోతుందేమో.”

“పోతుందేమో అని ఎంత తేలిగ్గా అంటున్నావు!”

“తేలిగ్గా అనట్లేదే. చేతులు చూడు.” బైండరమ్మ చేతులు వణుకుతున్నాయి. “ఒక్క వరుస కోసం నేను అక్షరాలు నేర్చుకున్నాను. దిగులు పుట్టినప్పుడల్లా ఆ పుస్తకం తీసి, ఆ వరుస చదువుకుని మళ్ళీ పెట్టేస్తాను. వాళ్ళ వరుసలూ అందులోనే ఉన్నాయి. నాది పైన, వాళ్ళవి లోపల. నాది నేను చదువుకుంటూ, వాళ్ళది లేదని ముద్ర కొడుతుంటే చూస్తూ కూర్చోనా?”

ఆడపడుచు పది పొట్లాలు మడిచింది. పదకొండోది వంకరగా వచ్చింది. విప్పి మళ్ళీ మడిచింది.

“అన్న అంటిస్తే అంత సులభంగా ఊడదు,” అంది. “నువ్వు గాభరాలో వేణ్ణీళ్ళు పోస్తావు, అంతా ముద్దయిపోతుంది. ఆవిరి పట్టాలి. కొద్ది కొద్దిగా. మా నాన్న అలాగే తీసేవాడు.”

“నువ్వు చూశావా?”

“చూడటమేమిటి? కెటిలు పట్టుకున్నది నేనే.” పొట్లాల కట్టకు దారం చుట్టి ముడేసింది. “రేపు నేనూ వస్తాను. నీ చేతులు ఇలా వణికితే కాగితం చింపుతావు.”

*

“కట్టిన పుస్తకం విప్పాలంటే పైనుంచి ఆర్డరు రావాలి,” అన్నాడు రికార్డు కీపరు, ఇంకా పొద్దుటి టీ అయినా తాగకుండానే. “అడిగితే ఆర్నెల్లు. ఎందుకూ?”

“చినిగిన అట్ట మార్చడానికో, బాబూ?” అంది బైండరమ్మ.

“దానికి నా చీటీ చాలు.”

ఆమె పుస్తకాన్ని తెచ్చి అతని ముందు పెట్టింది. వెనక అట్ట మూల నలిగి, గుడ్డ లేచి ఉంది. అతను వేలితో తడిమి చూశాడు.

“ఇది నాకు తెలిసినప్పటి నుంచీ ఇలాగే ఉందిగా?”

“అవును. ఇన్నాళ్ళూ బాగుచేయకపోవడం నాదే తప్పు.”

అతని చూపు ఆడపడుచు చేతిలో ఉన్న కెటిలు మీద పడింది. “అట్టకు కెటిలెందుకండీ?”

“టీకి,” అంది ఆడపడుచు.

“అంత పెద్ద కెటిలా?”

“నలుగురొస్తే?”

బైండరమ్మకు అబద్ధం ఎంతసేపో నిలవదు. కూర్చోకుండానే, బల్ల అంచు పట్టుకుని ఉన్నదున్నట్టు చెప్పేసింది. రికార్డు కీపరు విన్నాడు. తాళాల గుత్తి తీసి బల్ల మీద పెట్టాడు, మళ్ళీ నడుముకు తగిలించుకున్నాడు. లేచి వెళ్ళి తలుపు గడియ వేశాడు. రెండడుగులు వేసి ఆగి, వెనక్కెళ్ళి తీసేశాడు.

“కాదు. తలుపులు మూసి చేస్తే మీరే రాసి అంటించారంటారు. తెరిచే ఉండాలి. వకీలమ్మని, ఆ ఇద్దర్నీ పిలిపిస్తాను. పై ఆఫీసు నుంచి ఇద్దరు గుమాస్తాలు కూడా రావాలి. అందరూ చూస్తుండగా జరగాలి.” చీటీ మీద ‘అట్టలు మార్పు’ అని రాసి సంతకం పెట్టాడు. పెన్ను మూత పెడుతూ నెమ్మదిగా అన్నాడు, “నిన్న ముద్ర కొట్టింది నేను. కొట్టే ముందు, ఇంతకాలంగా ఇక్కడున్న మనిషి పక్కనే ఉంది కదా, ఒక్క మాట అడుగుదామని తోచలేదు.”

ముందు అట్ట నుంచి మొదలుపెట్టారు. వెన్ను దగ్గర కుట్టు కోస్తున్నప్పుడు బైండరమ్మ కళ్ళు మూసుకుంది. వేళ్ళకు దారి తెలుసు. పైగుడ్డ ఒలిచాక, ఆడపడుచు కెటిలు మూతిని అంచు వెంట నడిపిస్తుంటే, ఎముకతో చేసిన పలచటి పుల్లను పొరల మధ్య దూర్చి కొంచెం కొంచెంగా లేపింది. మొదటి పొర టెండరు ప్రకటన. రెండోది ఏవో పరీక్షల పట్టిక. మూడోది, నాలుగోది, అన్నీ అచ్చు కాగితాలే. అట్ట అయిపోయింది. ఏమీ లేదు.

స్టూలు మీద ముసలావిడ చెప్పులు ఒళ్ళో పెట్టుకుని చూస్తోంది. పైనుంచి వచ్చిన గుమాస్తాల్లో ఒకడు గడియారం చూసుకున్నాడు.

“నీకు బాగా గుర్తుందా వదినా?” ఆడపడుచు గొంతు తగ్గించింది.

“గుర్తుంది.” ఆ మాట అన్నాక తనకే అనుమానమొచ్చింది. నలభై ఏళ్ళు. ఇంకో పుస్తకమేమో. ఆ చెట్టు కలలో చూసిందేమో.

వెనక అట్ట తడవడానికి ఎక్కువసేపు పట్టింది. అందులో జిగురు మందంగా, లేత నీలంగా ఉంది. పురుగు ముట్టకూడదని ఆయన మైలుతుత్తం ఎప్పుడూ ఒక పాలు ఎక్కువే కలిపేవాడు. వేళ్ళు పాడవుతాయని ఆమె పోరేది. మొదటి పొర లేచింది. దాని కింద ఆరిన జిగురులో, అంచు దగ్గర, వెడల్పాటి బొటనవేలు గుర్తు ఒకటి లోతుగా దిగి ఉంది. ఇద్దరు ఆడవాళ్ళూ దాన్ని చూశారు. ఆడపడుచు కెటిలు పక్కకు తిప్పింది, ఆవిరి దాని మీద పడకుండా. బైండరమ్మ ఆ జిగురు పెచ్చును చెక్కు చెదరకుండా ఒలిచి ఆమె అరచేతిలో పెట్టింది. ఆడపడుచు కొంగున ఉన్న ఖాళీ మందుల పొట్లం ఒకటి తీసి, అందులో వేసి మడిచింది.

రెండో పొర లేచింది. వాగు కనిపించింది.

తలకిందులుగా ఉంది. మూడు కొమ్మల చెట్టు. కొమ్మల మధ్య చిన్న చిన్న చదరాలు, ఇళ్ళు. ఊదారంగు ముద్ర ఆవిరికి కరిగి మరకైపోయింది కానీ, నల్ల సిరా గీతలు గీసిన రోజు ఎలా ఉన్నాయో అలాగే ఉన్నాయి. దాని కిందే వేలిముద్రల కాగితం. నూనె సిరా. దాన్ని నీరేం చేయలేదు.

“చదవండి బైండరమ్మా,” అన్నాడు రికార్డు కీపరు. “సాక్షులు వినాలి.”

ఆమె ఇంతవరకూ పదిమంది ముందు పైకి చదవలేదు. వేలు పెట్టుకుని, ఒక్కో మాటే చదివింది. గూడెం పేరు. తేదీ. సర్వే చేసినవారి సంతకం. ఇళ్ళు పదకొండు. ఒక్కో పేరూ, దాని పక్క వేలిముద్రా. ఏడో వరుస మీదికి వేలు జరిపింది.

“ఇంటి యజమానురాలు జ్వరంతో ఉన్నందున, ఆమె కూతురి ఎడమ బొటనవేలు.”

ముసలావిడ లేచి వచ్చింది. తడి కాగితాన్ని ముట్టుకోలేదు. తన బొటనవేలు దాని మీద గాల్లో పట్టి చూసింది. కింద చిన్నది, రెండు ముక్కలు. పైన పెద్దది, అదే గాటు.

“అమ్మకి ఆ రోజు జ్వరమని రాశారా!” అంది ఆశ్చర్యంగా. “మా అమ్మకి జ్వరమొచ్చిన సంగతి కూడా రాసిపెట్టారు!”

బైండరమ్మకు ఆ సంతోషం చూడటం కష్టంగా ఉంది. ఎందుకంటే చివరి వరుస ఆమె కంటపడింది. అట్ట అంచు కోసినప్పుడు కత్తి పదకొండో వరుస మీదుగా పోయింది. పేరు లేదు. వేలిముద్రలో పైన గోటిమందం గీతలు రెండు మిగిలాయి.

“ఇది నేను కోసింది,” అంది. “ఆయన కొలిచి గీత గీశారు, నేను పట్టుకున్నాను. చదువు రాక... ఒక ఇంటిని కోసేశాను. ఎవరిదో ఏమో.”

బక్కపలచని మనిషి వంగి చూశాడు. పై పేర్లు మళ్ళీ ఒకసారి చదివించుకున్నాడు. “పైవాళ్ళందరూ ఉన్నారు,” అన్నాడు. “లేనిది మా తాతే.”

కెటిలులో నీళ్ళు చుయ్యిమంటున్నాయి.

“నన్ను క్షమించు నాయనా.”

అతను ఆమె వైపు కాకుండా రికార్డు కీపరు వైపు తిరిగాడు. “నిన్న మీరేమన్నారు సార్? విడి కాగితాలన్నీ ఏమయ్యాయన్నారు?”

“మిల్లుకి పోయాయి.”

“అన్నీనా?”

“కుట్టిన పుస్తకాలు తప్ప...” అంటూ రికార్డు కీపరు ఆగిపోయాడు.

“విన్నావా అమ్మా? నువ్వు అంటించకపోతే మా గూడెం మొత్తం ఆ బండెక్కేది. పదకొండిళ్ళూ. పది మిగిలాయంటే నీ చలవే. క్షమించమంటావేమిటి!”

“తెలిసి చేసింది కాదు నాయనా. చిత్తనుకుని చేశాను.”

“తేనెటీగ మాత్రం మాకోసమని పట్టు పెడుతుందా ఏమిటి?” అంది ముసలావిడ. “అయినా మేం దణ్ణం పెట్టే తీసుకుంటాం.” అని నిజంగానే చేతులు జోడించింది. ఒళ్ళోంచి చెప్పులు కింద పడ్డాయి. ఎవరూ తీయలేదు.

*

కమిటీ గదిలో పొడవాటి బల్ల వెనక అధ్యక్షురాలూ, ఆమెకు అటూ ఇటూ ఇద్దరు అధికారులూ కూర్చున్నారు. కాగితాలు రెండూ అద్దుడు కాగితాల మధ్య ఆరి, కొంచెం ముడతలు పడి ఉన్నాయి.

“ముద్ర చెదిరిపోయింది,” అన్నాడు కుడివైపు అధికారి. “అంచు కోసేసి ఉంది. దీన్ని ఎలా నమ్మడం?”

రికార్డు కీపరు తన చీటీ, సాక్షుల సంతకాలు ముందుపెట్టాడు. అధికారి చదివి బైండరమ్మను లేవమన్నాడు. ఆమె కుర్చీ వీపు పట్టుకుని లేచింది.

“అంటించింది మీరేనా?”

“నేనూ, మా ఆయనా.”

“మరి ఇన్నేళ్ళూ ఎందుకు చెప్పలేదు?”

“ఇన్నేళ్ళూ నన్నెవరూ అడగలేదండీ,” అంది బైండరమ్మ. అంతటితో ఆపొచ్చు. వకీలమ్మ కళ్ళతో కూర్చోమంటోంది కూడా. కానీ ఆపలేకపోయింది. “ఈవిడ నా పక్కన కూర్చుని చెప్పిన రోజున మాత్రం గుర్తొచ్చి కూడా చెప్పలేదు. భయపడ్డాను. ఒక పూట ఆలస్యం చేశాను. అది నా తప్పే.”

అధ్యక్షురాలు తెల్ల కాగితమూ, సిరా మెత్తా తెప్పించింది. ముసలావిడ లేచి, చెయ్యి చీర కుచ్చెళ్ళకు తుడుచుకుని, ఎవరూ పట్టుకోనక్కర్లేకుండా తనే వేలు అద్దింది. అధ్యక్షురాలు భూతద్దంతో పాతదీ కొత్తదీ చూసింది. అద్దం కుడివైపు అధికారికిచ్చింది. ఆయన చాలాసేపు చూశాడు.

“గాటు ఒకటే,” అన్నాడు. తర్వాత, అడక్కుండానే, “వేలు పెరిగింది, అంతే,” అన్నాడు.

“పదకొండో ఇంటి సంగతేమిటి?” అంది అధ్యక్షురాలు. “పేరు లేదు కదా.”

బక్కపలచని మనిషి లేచాడు. “అది మాదేనండీ. మేం ఇంటింటికీ విడివిడిగా అడగట్లేదు. వాగూ, రాయీ, చెట్లూ ఎవరి ఇంటివో ఎలా చెప్తాం? గూడేనికని రాయండి. గూడేనికి రాస్తే పదకొండోదీ అందులోనే ఉంటుంది. పది ఇళ్ళవాళ్ళూ మా తాతను బయట నిలబెట్టరు లెండి.”

అధ్యక్షురాలు తల వంచి రాయడం మొదలుపెట్టింది. రాసింది చదివి వినిపించింది. గూడెం పేరు, వాగు హద్దు, తేనెరాయి హద్దు. చివర, ‘ఆధారం: రికార్డు గది బైండరు అట్టలు మార్చుతుండగా లభించిన పత్రాలు.’

“బైండరు,” అంది ఆడపడుచు వెనక వరుసలోంచి, పక్కవాళ్ళకు వినపడేలా. “మా అన్నదీ అదే పేరు. ఇద్దరికీ సరిపోతుంది.”

బస్సు దాకా వెళ్ళి సాగనంపడం బైండరమ్మ ఎప్పుడూ చేయదు. కదులుతున్న బండి వెనక నిలబడటమంటే ఆమెకు కాళ్ళాడవు. ఆ రోజు ఎలాగో నడిచింది. ముసలావిడ కిటికీ పక్కన కూర్చుని చెయ్యి బయటపెట్టింది. బొటనవేలికి నల్ల సిరా ఇంకా అలాగే ఉంది.

“కడుక్కోలేదేం అక్కా?”

“ఎవర్నీ ముట్టుకోనివ్వను, వారం దాకా.” నవ్వింది. “వెళ్తాం చెల్లీ.”

బైండరమ్మ పెదవులు ఆ అలవాటు మాటకు కదిలాయి. ముసలావిడ చెయ్యెత్తి ఆపింది.

“ఇవాళ ఒక్కరోజు వెళ్తామననివ్వు. ఇంటికి వెళ్తున్నవాళ్ళం.”

బస్సు కదిలింది. బైండరమ్మ నిలబడే ఉంది. కాళ్ళు ఆడాయి.

*

జననమరణాల పుస్తకానికి కొత్త అట్టలు వేయాలి. బజారులో రెడీగా అట్టలు దొరుకుతున్నాయి, తెప్పిస్తానన్నాడు రికార్డు కీపరు. బైండరమ్మ వద్దంది. ఆయన కట్టిన పుస్తకానికి ఆయన పద్ధతిలోనే వేస్తానంది. చిత్తు కాగితాల బుట్ట ముందేసుకుని కూర్చుంది.

నాలుగో రోజుకి కూడా అట్ట కాలేదు.

“ఏమిటి బైండరమ్మా, ఒక్క పుస్తకానికి ఇన్నాళ్ళా?” అన్నాడతను.

“చదవాలి కదండీ.”

నిజమే. ఒక్కో కాగితం తీసి, ముందు చదివి, తిప్పి వెనక చదివి, వెలుతురుకు ఎత్తి చూసి అప్పుడు జిగురు పూస్తోంది. ఇప్పటికి మూడు కాగితాలు విడిగా తీసి అతని బల్ల మీద పెట్టింది. వాటిలో రెండు నిజంగానే చిత్తువి. మూడోది అతను రెండుసార్లు చదివి, బీరువాలో పెట్టి తాళం వేశాడు.

ఆ మధ్యాహ్నం వకీలమ్మ వచ్చింది. ఆకుల్లో చుట్టి, నారతో కట్టిన చిన్న మూట ఒకటి బల్ల మీద పెట్టింది. “మీకిమ్మన్నారు. కంచె తలుపు తీసిన మర్నాడే రాయి దగ్గరకెళ్ళారట. తేనె వాళ్ళు ఉంచుకున్నారు, ఇది మాత్రం మీకట.”

బైండరమ్మ నార విప్పింది. పిడికెడు మైనం, తేనె రంగులో. గోరు పెడితే దిగింది. ముసలావిడ అబద్ధం చెప్పలేదు.

దారం తీసి దాని మీద లాగింది. ఒక్కసారి చాలింది. వకీలమ్మ బ్యాగు సర్దుకుని, గుమ్మం దగ్గర ఆగి “వెళ్తానమ్మా,” అంది.

“మంచిది తల్లీ,” అంది బైండరమ్మ, తలెత్తకుండానే, సూది మొదటి మడతలోకి దించుతూ.